తాతయ్య జీపుకి ఒరిజినల్ అంటే ఏది?

అర్ధరాత్రి ఒంటిగంటకి నిద్ర పట్టక యూట్యూబ్ చూడటం మంచి అలవాటు కాదని మా ఆవిడ ఎప్పట్నించో చెప్తూనే ఉంది. నేను వినలేదు. దాని ఫలితం ఇదీ: ఐదు లక్షల ఎనభై వేల రూపాయలు, పదిహేను నెలల శని ఆదివారాలు, నాన్నకీ నాకూ మధ్య కొన్నాళ్ళు మాటల్లేకపోవడం.

ఆ రాత్రి చూసింది లాంబోర్గినీ కౌంటాష్ కథ. 1971లో జెనీవా మోటార్ షోలో పెట్టిన మొట్టమొదటి కౌంటాష్, ఎల్‌పీ 500, ఇప్పుడు లేదు. 1974లో ఇంగ్లాండులో క్రాష్ టెస్టుకి వాడేసి తుక్కు చేశారు. యాభై ఏళ్ళ తర్వాత ఒక కస్టమర్ అడిగాడని, కంపెనీ వాళ్ళే పాత ఫోటోలూ డ్రాయింగులూ ముందేసుకుని, చాసిస్ దగ్గర్నించి మళ్ళీ తయారుచేశారు. ఇరవై ఐదు వేల గంటలకు పైగా పని. 2021లో బయటికి తెచ్చారు. అసలు కారులోని ఒక్క బోల్టు కూడా లేకుండా చేసిన "ఒరిజినల్" అది!

నా దగ్గర కౌంటాష్ లేదు. కానీ ఊళ్ళో గోడౌన్‌లో, ఖాళీ మిర్చి గోతాల కింద తాతయ్య జీపుంది. 1966 మోడల్. మహీంద్రా వాళ్ళు విల్లీస్ లైసెన్సుతో చేసిన సీజే-3బీ. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి దాదాపు ఎనభై అంగుళాలు. బానెట్ మాత్రం మిగతా జీపులకన్నా ఎత్తు. లోపల హరికేన్ అనే పెట్రోల్ ఇంజను పొడుగ్గా ఉంటుంది, అది పట్టడానికి మూత పైకి లేపారన్నమాట.

మా ఊరు చిలకలూరిపేట దారిలో కొంచెం లోపలికి. అంతా నల్లరేగడి. వాన పడితే ఎంత ఖరీదైన కారైనా ఇరుసు దాకా దిగబడాల్సిందే. అలాంటి చోట ఫోర్ వీల్ గేరు వేసుకుని గుర్రుమంటూ బయటికొచ్చే బండిని ఏమంటారు? మాకు సూపర్ కారంటే అదే. కూలీలని పొలానికి తీసుకెళ్ళింది, విత్తనాలు మోసింది, కాన్పు కష్టమైతే గుంటూరు తీసుకెళ్ళింది. నేను పుట్టాక నన్ను ఇంటికి తెచ్చింది కూడా అదేనట.

2024 జనవరిలో లారీకెక్కించి గుంటూరు ఆటోనగర్‌కి తీసుకెళ్ళాం. మేస్త్రీకి అరవై దాటాయి. చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తితో రెండు చోట్ల కొట్టి, "బాబూ, నువ్వు కంప్యూటర్లు చేస్తావంట గదా, ఇది దానికన్నా కష్టం" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత నవ్వలేదు.

జీపులో ఒక సౌకర్యం ఉంది. అంబాసిడర్‌కి విడిగా చట్రం ఉండదు, బాడీయే చట్రం. జీపు అలా కాదు. నిచ్చెనలాంటి చాసిస్ మీద బాడీని బోల్టులతో కూర్చోబెడతారు. బోల్టులు విప్పితే మొత్తం పైకి లేచొస్తుంది. విప్పితే కదా! సగానికి పైగా తుప్పుకి కరుచుకుపోయాయి. కొన్నింటికి గ్యాస్ వెల్డింగ్ మంట పెట్టాం, కొన్నింటిని గ్రైండర్‌తో కోసేశాం. నేను ప్రతి ముక్కకీ ఫోటో తీసి, జిప్ కవర్లో వేసి, నంబరు రాసి, ఎక్సెల్ షీట్లో ఎక్కించాను. మేస్త్రీ ఆ షీటు ఒక్కసారి కూడా చూడలేదు. ఆయనకి అన్నీ చేతికి గుర్తు.

ఆరు వారాలకి నేలమీద ఉత్త చాసిస్ మిగిలింది. ఇనప నిచ్చెన, అంతే. దాన్నే అరగంట చూస్తూ కూర్చున్నాను. చాసిస్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి పెద్ద మిషన్లేం అక్కర్లేదు. ముందు కుడి మూల నుంచి వెనక ఎడమ మూలకి టేపు పెట్టి కొలవాలి, తర్వాత అటుది ఇటు. రెండూ సమానంగా రావాలి. మాది తొమ్మిది మిల్లీమీటర్లు తేడా వచ్చింది. జాకీలు పెట్టి రెండు రోజులు లాగితే దారికొచ్చింది. తర్వాత శాండ్ బ్లాస్టింగ్, దానిమీద ఎపాక్సీ ప్రైమర్. కమాన్ కట్టలు, బుష్షులు, బ్రేకు పైపులు, వైరింగు అన్నీ కొత్తవి.

అసలు గొడవ ఇంజను దగ్గర మొదలైంది.

1986లో తాతయ్య పెట్రోల్ ఖర్చు భరించలేక హరికేన్ ఇంజను పీకించి, మెటాడోర్ వ్యాన్లలో వచ్చే మెర్సిడెస్ డిజైను డీజిల్ ఇంజను పెట్టించాడు. ఆర్‌సీలో కూడా ఎక్కించాడు. అప్పట్లో మా వైపు చాలామంది చేసిన పనే. నేనేమో ఒరిజినల్ పిచ్చిలో ఉన్నాను కదా, ఎక్కడో పాత హరికేన్ ఇంజను ఉందని తెలిసి డెబ్భై వేలు పోసి కొన్నాను. నాన్నకి ఫోన్లో చెప్తే రెండు నిముషాలు ఏం మాట్లాడలేదు.

"పెట్రోలు ఇంజనెందుకురా?"

"బండి పుట్టినప్పుడు ఉన్నది అదే కదా నాన్నా. ఒరిజినల్."

"మిర్చి క్వింటా పదకొండు వేలకి పడిపోయింది. నువ్వు ఇనుముకి లక్షలు పోస్తన్నావు. పొయ్యి. నన్నడక్క."

అది 2025 ఫిబ్రవరి. ధర ఎంత పడిందంటే కేంద్రం కల్పించుకుని మార్కెట్ ఇంటర్వెన్షన్ కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. రెండేళ్ళ ముందు అదే యార్డులో ఇరవై వేలు దాటిన సరుకు. నాన్న కోపంలో అన్యాయం ఏమీ లేదు. నా డబ్బు నా ఇష్టం అన్న మాట నోటిదాకా వచ్చింది, అనలేదు. కానీ ఫోన్లు ఆగిపోయాయి. ఏదన్నా ఉంటే అమ్మ ద్వారానే.

చట్టం సంగతి కూడా అప్పుడే తవ్వాను. 2021 జులైలో వచ్చిన రూల్సు ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలోనే ఉన్న బళ్ళకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరు ప్లేటు మీద వీఏ అన్న అక్షరాలు ఉంటాయి. చాసిస్, బాడీ, ఇంజను మార్చిన వాటికి ఇవ్వరు. తీసుకున్నా మామూలుగా రోజూ తిరగడానికి లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలు పోయించుకోవడానికీ తీయొచ్చు. ఇంకోవైపు 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని తీర్పిచ్చింది. అంటే నేను ఇంజను మారిస్తే మళ్ళీ కాగితాల పని. అంతా సరిగ్గా కుదిరి వీఏ నంబరు వచ్చినా, ఆ జీపు పొలానికి పోకూడదు! పొలానికి పోని మా జీపు ఇంకేం జీపు?

మా వృత్తిలో ఈ తప్పు పాతదే. జోయెల్ స్పోల్స్కీ 2000లో నెట్‌స్కేప్ గురించి రాసిన వ్యాసం చాలామంది చదివే ఉంటారు. పాత కోడు చెత్తగా ఉందని మొత్తం మళ్ళీ రాయబోయి వాళ్ళెలా దెబ్బతిన్నారో చెప్తాడు. పాత కోడులో వికారంగా కనపడే ప్రతి రెండు లైన్ల వెనకా ఎవడో రాత్రంతా కూర్చుని పట్టుకున్న బగ్గు ఉంటుంది. నేను ఇది జూనియర్లకి పదిసార్లు చెప్పుంటాను. జీపు దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను.

గుర్తు చేసింది ఒక అతుకు. చాసిస్ వెనక అడ్డపట్టీకి ఒక మందపాటి ఇనప పలక అంటించి ఉంది. వెల్డింగు పరమ అసహ్యంగా ఉంది. పట్టీ లోపల బీటలిచ్చింది, కొత్తది వెయ్యాల్సిందే అని మేస్త్రీ మొదట్నించీ అంటున్నాడు. ఫోటో తీసి అమ్మకి పంపాను, ఇదేంటో నాన్నని అడగమని. మర్నాడు పొద్దున్నే నాన్న బస్సెక్కి ఆటోనగర్ వచ్చేశాడు.

కూర్చుని, పలక మీద చెయ్యి వేసి చెప్పాడు. 1987లో పత్తికి తెల్లదోమ పట్టింది. మందు కొట్టిన కొద్దీ పెరిగింది. ఆ ఏడు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంతమంది పత్తి రైతులు ఆ పురుగుమందే తాగి పోయారో అప్పటి పేపర్లు చూస్తే తెలుస్తుంది. ఆ నెలల్లోనే జీపు పట్టీ విరిగింది. కొత్తది కొనడానికి డబ్బుల్లేవు. తాతయ్య గుంటకకి ఉండే ఇనప పలక తీసి అతికించాడు.

"బండి అమ్మెయ్యమని అందరూ చెప్పారు. జీపు గుమ్మంలో ఉంటేనే షావుకారు అప్పిస్తాడురా అన్నాడు మీ తాత. ఇచ్చాడు కూడా. అదుండబట్టే ఆ రెండెకరాలు మిగిలినయ్."

నేనేం అనలేదు. హరికేన్ ఇంజను ఆ వారమే అమ్మేశాను, పదిహేను వేలు నష్టానికి.

చివరికి ఏం చేశామంటే: డీజిల్ ఇంజనే ఉంచి పూర్తిగా విప్పి బోరు చేయించాం. వెనక పట్టీ కొత్తది వేశాం, ప్రాణాల మీదకి తెచ్చే దాంట్లో సెంటిమెంటు పనికిరాదు. అదే లెక్కన, ఆర్టీవో ఆఫీసులో ముందే అడిగి, ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టాం. సీటు బెల్టులు కూడా. రంగు మాత్రం 1966 నాటిది కాదు, తాతయ్య వేయించిన ముదురాకుపచ్చ. కోసేసిన పలకని నాన్న గోతంలో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఏప్రిల్‌లో మొదటిసారి నాన్నే తోలాడు, ఊరి నుంచి మిర్చియార్డు దాకా. నేను పక్క సీట్లో. దారిలో ఒక గేదె అడ్డమొస్తే బ్రేకు కొట్టాడు. బండి ఎక్కడికక్కడ ఆగింది. నావైపు చూడకుండా "బ్రేకు బాగుంది" అన్నాడు. కాసేపాగి, "శబ్దం తగ్గిపోయింది, మనదని తెలీట్లా" అన్నాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఏదన్నా మూలపడి ఉంటే తప్పకుండా బాగుచేయించండి. స్పానర్ పట్టుకునే ముందు మాత్రం, దాన్ని తోలినవాళ్ళతో ఒక పూట కూర్చోండి. నాలాగా పదమూడు నెలల తర్వాత కాదు.