లెక్కల వెలుగు

అంకె యనిన మనలో పెక్కుమందికి విసుగు. బడిలో బెత్తముతోడను, ఇంటిలో అంగడి బాకీతోడను పరిచయమైనది గనుక దాని ముఖము చూచిన సంతోషము కలుగదు. ఆ యంకెనే నేడు కొందరు కళావేత్తలు వెలుగుగాను ధ్వనిగాను మార్చి, ప్రేక్షకుని వాని నడుమ నిలుపుచున్నారు. కంప్యూటరులందు చేరిన డేటాయే వారికి రంగు, అదియే రాగము.

వీరిలో ప్రసిద్ధుడు 1966లో జపానుదేశమున గిఫులో జన్మించిన ర్యోజి ఇకేదా. ఆయన 2008లో నారంభించిన 'టెస్ట్ ప్యాటర్న్' కృతులలో వచనమైనను, పాటయైనను, ఛాయాచిత్రమైనను సున్న, ఒకటి యను రెండు గుర్తులుగా మారి, నల్లని తెల్లని చారలై, చురుకైన చప్పుళ్లై పరుగిడును. 2014 అక్టోబరులో న్యూయార్కు నగరపు టైమ్స్ స్క్వేరునందు ప్రతిరాత్రియు నడిరేయికి ముందు 3 నిమిషములు ప్రకటనల తెరలు తమ బేరము మాని యీ చారలనే చూపినవి. 2019లో వెనిస్ నగరపు కళాప్రదర్శనమున చూపిన 'డేటా-వర్స్'కు నాసా, సెర్న్ సంస్థలును, మానవ జన్యుపటల పరిశోధకులును సేకరించిన సమాచారమే ముడిసరకు.

మేమా గదులలో నిలిచినవారము కాము. వాని చలనచిత్రములను చూచితిమి. చిన్నతెర మీదనే కన్నులు చెదరినవి. ఇక నిలువెత్తు గోడల నడుమ నున్నవానికి ప్రశ్నవేయు వ్యవధి యెక్కడిది? హారతి వెలిగినంతనే తలవంచినట్లు ఆ వెలుగునకును తలవంచుదుము. ఆశ్చర్యపడుట తప్పుకాదు. కాని దాని వెనుక విచారణయు రావలెను. ఈ లెక్క నెవ్వరు కట్టిరి? ఎవ్వరిని చేర్చుకొనిరి? ఎవ్వరిని విడిచిరి?

నక్షత్రముల కీ ప్రశ్నతో పనిలేదు; మనుష్యులకు గలదు. అమెరికాలో మార్క్ హాన్సెన్, బెన్ రూబిన్ అనువారు 'లిజనింగ్ పోస్ట్' అను కృతిని నిర్మించిరి. అందు 231 చిన్నతెరలు వరుసలుగా వ్రేలాడుచుండును. ఇంటర్నెట్టునందు ఒకరినొక రెరుగనివారు బహిరంగముగా వ్రాసికొనిన మాటలు వానిపై పొడసూపగా, యంత్రకంఠము వానిని చదువును. మనుష్యుల మాటలే యగుటచేత అది హృదయమును తాకును. అయినను కంప్యూటరు ముందు కూర్చుండు భాగ్యము లేనివాని మాట యందు వినబడదు.

మా యింట నొక పద్దుల పుస్తకము గలదు. మా తల్లిగారు దానిని పెక్కేండ్లు నడపిరి. పాలు, బియ్యము, చాకలి, బడిజీతము అన్నియు కాసు తప్పక యెక్కినవి. వేకువనే లేచి వారు చేసిన చాకిరికి మాత్రము అందొక పంక్తియు లేదు. దేశపు పద్దులును చిరకాల మట్లే నడచినవి. 2019లో భారతప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, తమవారికొరకు కూలి లేని యింటిపని చేయు స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానికి వెచ్చించుచున్నట్లు తేలెను. అదియైనను పని ముట్టిన పురుషుల సగటే. అట్టివారు నూటికి 26 మంది మాత్రమే.

అంకె దొరకినది గనుక దానిని వెలుగుగా మార్చుటయు సాధ్యమే. చీకటిగదిలో నొకవైపున 299 దీపములును, ఎదుట 97 దీపములును, నిమిషమున కొక్కటి చొప్పున, వెలిగినట్లు ఊహింపుడు. అందు నిలిచిన గృహస్థునకు వేరొక యుపన్యాస మక్కరలేదు. ఎవ్వరును లెక్కింపని శ్రమ నే కళావేత్తయు వెలిగింపజాలడు. కావున కళకంటె ముందు లెక్క సరిపడవలెను.

పిల్లలతో నిట్టి ప్రదర్శనములకు పోవువారు కన్నులార చూడవలెను, చెవులార వినవలెను. వెలుపలికి వచ్చిన పిమ్మట, ఈ లెక్కలో మన యమ్మయు, మన యింట పాచిపని చేయునామెయు నున్నారా యని పిల్లలచేత నడిగింపవలెను.