వైజాగ్ గాలికి చిల్లుపడ్డ సైలెన్సర్

వైజాగ్ బీచ్ రోడ్డు మీద ఫొటో దిగని బైక్ ఉండదు. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, ఆ పైన భీమిలి. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం. రీల్స్‌లో అంతా బావుంటుంది. అందులో కనిపించనిది ఉప్పుగాలి ఒక్కటే. ఇక్కడ కిటికీ ఊచలు, గేటు గొళ్లేలు, డాబా మీద ట్యాంకు స్టాండు, అన్నీ దానికి మేతే. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామికే మరమ్మతులు తప్పలేదు. ఇక షెడ్డు లేకుండా ఇంటి ముందు నిలబడే పాత బండి సంగతి చెప్పాలా?

మా నాన్న వంద సీసీ బండి 1996 మోడల్. ఇల్లు సముద్రానికి నడిచి వెళ్లేంత దూరం. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ నెలకోసారి వస్తుంటాను. ఈసారి వచ్చేసరికి బండి స్టార్ట్ చేస్తే వీధి చివర కుక్కలు లేస్తున్నాయి. సైలెన్సర్ అడుగున రూపాయి బిళ్లంత చిల్లు, చుట్టూ నల్లటి మసి. ప్రైవేటు బండికి పదిహేనేళ్లు నిండాక ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, బండి తీసుకెళ్లి చూపించాలి. మాకు గడువు వచ్చే నెలే. ఈ మోతతో వెళితే పాస్ చేస్తారా? “తుక్కుకి ఇచ్చేయండి, పీడా పోతుంది” అంది అమ్మ. నాన్న ఏమీ అనలేదు. గుడ్డ తీసుకుని ట్యాంకు తుడుస్తూ కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే గాజువాక ఆటోనగర్‌కి తీసుకెళ్లాను. స్టీల్ ప్లాంట్ దాపునే కదా, ఆ చుట్టుపక్కల ఇనుము గురించి తెలియనివాళ్లు తక్కువ. లారీల బాడీలు, లేత్ మిషన్లు, టీ కొట్లు, మళ్లీ లారీలు. గూగుల్ మ్యాప్ ఇక్కడ పెద్దగా పనిచేయదు, అడుక్కుంటూ వెళ్లాల్సిందే. చివరికి వేపచెట్టు కింద గ్యాస్ సిలిండర్లు పెట్టుకున్న ఒక పెద్దాయన దొరికారు.

ఆయన ముందు స్క్రూడ్రైవర్ పిడితో సైలెన్సర్ పొడవునా తట్టుకుంటూ వచ్చారు. మంచి రేకు టంగుమంటుంది. తుప్పు తిన్నచోట డబ్బుమని చప్పుడు. పైకి కనిపించే చిల్లు ఒకటే గానీ, మెత్తబడింది అరచేయంత.

“ఏటి బాబూ, కూరగాయలకి తప్ప దీన్ని బయటికి తియ్యరా?”

నిజమే. నాన్న రైతుబజారుకి తప్ప వెళ్లడం లేదు. అది సైలెన్సర్ చూసి ఎలా తెలిసింది?

కెమిస్ట్రీ చదివిన నేను ఎప్పుడూ ఆలోచించని విషయం ఇది. లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, ఆవిరిగా. దూరం వెళ్లే బండిలో ఆ ఆవిరి బయటికి పోతుంది. రెండు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో సైలెన్సర్ సరిగ్గా వేడెక్కదు, ఆవిరి నీరై అడుగునే ఉండిపోతుంది. తుప్పు లోపల్నుంచి తింటూ వస్తుంది. మన ఊళ్లో బయట్నుంచి ఉప్పుగాలి తింటుంది. రెండూ ఎక్కడో కలుస్తాయి. ఆ నీళ్లు కారడానికే చాలా సైలెన్సర్లకు అడుగున చివర్లో అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం పెడతారు. దాన్నీ చిల్లనుకుని మూయించేసేవాళ్లు ఉన్నారట!

పనిలో ఎక్కువ టైమ్ పట్టింది విప్పడానికే. ఇంజన్ హెడ్ దగ్గర నట్లు తుప్పుతో అతుక్కుపోయాయి. బలం చూపిస్తే స్టడ్ విరిగి అల్యూమినియం హెడ్‌లో ఉండిపోతుంది, అప్పుడు అసలు ఖర్చు. ఆయన నూనె వేసి, టీ తాగి, అరగంట ఆగి, ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా తిప్పుతూ తీశారు.

“పైన చిన్న ముక్క పెట్టి అతికేస్తే సరిపోదా, బాబాయ్?”

“దేనికి అతకమంటావు? తుప్పుకా?”

మంచి రేకు తగిలేదాకా కోసేశారు. గుండ్రటి అంచులతో కొత్త ముక్క కత్తిరించారు, మూలలుంటే అక్కడే పగులుతుందట. జింకు పూత ఉన్న రేకు వద్దన్నారు, దాన్ని కాల్చినప్పుడు వచ్చే పొగ పీలిస్తే జ్వరమొస్తుంది. కరెంటు వెల్డింగ్ పెడితే ఈ పల్చటి పాత రేకు కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుందని, గ్యాస్ మంటతో ఇత్తడి కడ్డీ కరిగించి అతికారు. ఇనుము కరిగే వేడి కంటే చాలా తక్కువలోనే ఇత్తడి కరుగుతుంది కాబట్టి రేకు నిలబడింది. ఇంజన్ దగ్గరి బెండు పైపుకైతే ఇత్తడి పెట్టనన్నారు, అక్కడ వేడి ఎక్కువ. నీళ్ల పైపులకు పూసే ఎపాక్సీ ముద్ద గురించి అడిగితే నవ్వేశారు.

తర్వాత ఒక చివర మూసి, రెండో చివర నుంచి గాలి కొట్టి, సబ్బునీళ్లు రాశారు. ఒకచోట బుడగలొచ్చాయి. మళ్లీ మంట, మళ్లీ సబ్బునీళ్లు. హెడ్ దగ్గర పాత గాస్కెట్ తీసి కొత్తది వేశారు. ఆపైన వేడికి తట్టుకునే నల్ల పెయింట్. ఆరేదాకా గంట కూర్చోమన్నారు. మొత్తం ఎనిమిది వందలు. ఆన్‌లైన్లో డూప్లికేట్ సైలెన్సర్ రెండు క్లిక్కుల్లో వచ్చేస్తుంది, నేనూ చూశాను. కానీ ఆ పల్చటి రేకులోంచి ఈ బండి గొంతు రాదు.

ఇంటికొచ్చి స్టార్ట్ చేస్తే నాన్న వంగి, చెవి దగ్గరపెట్టి విన్నారు. “వారానికోసారి భీమిలి దాకా వెళ్లి రమ్మన్నారు నాన్నా, లోపల నీళ్లు ఆరిపోవాలట” అన్నాను. అమ్మ వంటింట్లోంచి ఏదో గొణిగింది.

నేను హైదరాబాద్ వచ్చేసిన పది రోజులకి నాన్న వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపారు. ఒకటి ఆర్సీ, 2031 దాకా. రెండోది భీమిలి బీచ్‌లో స్టాండేసిన బండి. వెనక సీటు మీద అమ్మ కూర్చుని ఉంది, మొక్కజొన్న పొత్తు తింటూ.