అమృతాంజనం సీసాలో కర్పూరం

పోయిన నెల మా అమ్మాయి హిమాలయాలకు నడకయాత్ర వెళుతూ సామానంతా హాల్లో పరిచింది. ఆరు రోజులు వీపున మోయాలి గనుక ఒక్కొక్క వస్తువూ వంటింటి త్రాసు మీద తూచి మరీ సర్దుతోంది. టూత్‌బ్రష్షు పిడి కూడా సగానికి విరిచేసింది! అంతా చూసి, "నిప్పు సంగతేమిటమ్మా?" అన్నాను. "లైటరుంది కదా నాన్నా" అని గులాబీ రంగు లైటరొకటి చూపించింది. బటన్ నొక్కితే చిటుక్కున వెలిగే రకం.

నాకు 1994 అక్టోబరు గుర్తొచ్చింది.

మా సొంత ఊరు కోవిల్‌పట్టి. ఇప్పుడు కోయంబత్తూరులో ఉంటున్నా, అగ్గిపెట్టెల మధ్య పెరిగినవాణ్ణి. వీధిలో అందరూ తీప్పెట్టి అన్నా, మా ఇంట్లో మాత్రం అగ్గిపెట్టే. అమ్మ మధ్యాహ్నం వంట ముగించుకుని, పలచని చెక్క రేకులు మడిచి, నీలం కాగితం అతికి పెట్టెలు చేసేది. గ్రోసుకింత అని కూలి. ముసురు పట్టిందంటే ఫ్యాక్టరీలో మందు ఆరదు, పని ఆగుతుంది, ఆ వారం మా ఇంట్లో పాలు తగ్గుతాయి. కాబట్టి చెమ్మ అంటే ఏమిటో మా అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ఏడాది ఆఫీసు మిత్రులం నలుగురం పిండారీ హిమానీనదానికి బయలుదేరాం. అప్పట్లో అది ఉత్తరప్రదేశ్‌లోనే ఉండేది. నేను సంచి సర్దుకుంటూంటే అమ్మ ఖాళీ అమృతాంజనం సీసాలో కర్పూరం బిళ్ళలు నింపి, పైన నాలుగు మిరియాలు వేసి తెచ్చింది. "అక్కడ హారతి ఎవరికిస్తానే?" అని నవ్వాను. "దేవుడికి కాదురా, పొయ్యికి. ఉంచు" అంది. గాజుసీసా బరువని తీసి బల్ల మీద పెట్టాను. నేను చూడకుండా మళ్ళీ సంచిలో దూర్చిందని తర్వాత తెలిసింది.

లోహర్‌ఖేత్ నుంచి ధాకురీ, ఖాతీ, ద్వాలీ దాకా బాగానే నడిచాం. ద్వాలీ నుంచి ఫుర్కియా వెళ్ళే రోజున మధ్యాహ్నం వాన మొదలై, పైకి వెళ్ళేకొద్దీ మంచుముక్కలుగా మారింది. 3,000 మీటర్లు దాటిన చోటు. చేరేసరికి చీకటి. విశ్రాంతి గృహానికి తాళం. వరండాలో కూలబడ్డాం. మాలో చిన్నవాడు వణికీ వణికీ, ఉన్నట్టుండి వణకడం మానేశాడు. మాట ముద్దగా వస్తోంది. తగ్గిందేమో అనుకున్నాం గానీ, వణుకు ఆగడమే అసలు ప్రమాదమని ఆ తర్వాత ఒక డాక్టరు చెప్పాడు.

తడిబట్టలు విప్పించి రగ్గుల్లో చుట్టాం. వేడిగా ఏదైనా తాగించాలి. పంపు స్టవ్వుంది, కిరసనాయిలుంది. అగ్గిపెట్టె నా చొక్కా జేబులో తడిసి ముద్దయింది. ప్లాస్టిక్ సంచిలో దాచిన ఇంకో పెట్టె పుల్లలు పొడిగానే ఉన్నాయి గానీ, గీసేచోట మందు వేళ్ళతో పాటు ఊడొచ్చింది. సేఫ్టీ అగ్గిపుల్ల తలలో ఉండేది క్లోరేటు, పెట్టె పక్కన పూసేది ఎర్ర భాస్వరం. రెండూ కలిస్తేనే నిప్పు. అగ్గిపెట్టెల ఊరివాణ్ణి, నాకు తెలియనిదా! పుల్లల్నే కాపాడుకున్నాం, పెట్టె అంచుని మరిచాం.

అంచు మీద ఒక మూల మాత్రం కాస్త పొడిగా మిగిలింది. ఐదో పుల్లో ఆరోదో అక్కడ అంటుకుంది. ఒక్క పుల్లతో పంపు స్టవ్వు వెలగదు, బర్నరు ముందు కాగాలి. స్పిరిట్ సీసా దారిలోనే ఒలికిపోయింది. కాగితం కోసం సంచి బోర్లిస్తే అమృతాంజనం సీసా దొర్లింది. స్టవ్వు గిన్నెలో నాలుగు బిళ్ళలు వేసి, వాటికి పుల్ల తగిలించాం. చేతులు తడి, బిళ్ళలూ తడిశాయి, అయినా భగ్గున అంటుకున్నాయి. కర్పూరం నీళ్ళలో కరగదు, పైన తడి ఉన్నా మండుతుంది. స్టవ్వు బుస్సుమన్న చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలోనే ఉంది. బెల్లం వేసిన వేడినీళ్ళు గంటసేపు గుక్కగుక్కగా తాగించాక అతను మళ్ళీ వణకడం మొదలుపెట్టాడు. మేం ఏడ్చినంత పనిచేశాం.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "మిరియాలు పారేశావా?" అని మాత్రం అడిగింది.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. "మాకు వంటవాళ్ళుంటారు నాన్నా" అంది. ఉంటారు, కానీ వాళ్ళు వెనకబడితే? కాసేపు వాదించుకున్నాం. ఆఖరికి బటన్ లైటరు తీసేసి, చక్రం తిప్పే మామూలు లైటరు పెట్టుకుంది. బాగా ఎత్తుకు వెళితే బటన్ రకం మొరాయిస్తుంది. ఏ లైటరైనా గడ్డకట్టే చలిలో లోపలి గ్యాసు లేవదు గనుక ఒంటికి తగిలేలా లోపలి జేబులో ఉంచాలి. పాత ఫిలిం రోలు డబ్బాలో ఇరవై పుల్లలూ, కత్తిరించిన పెట్టె అంచూ వేరువేరు ప్లాస్టిక్ కాగితాల్లో చుట్టి పెట్టాను. వాజిలైన్ పట్టించిన దూది ఉండలు నాలుగు. దూది ఒట్టిగా అయితే క్షణంలో బూడిద, వాజిలైన్‌తో అయితే కొన్ని నిమిషాలు మండుతుంది. తను కొన్న చెకుముకి కడ్డీ కూడా ఉండనిచ్చాను, నిప్పురవ్వలు ఆ దూదిని పట్టుకుంటాయి. అది ఎంత తడిసినా పనిచేస్తుంది గానీ, చలికి కొంకర్లుపోయిన చేతులతో దాన్ని గీకడం నాకైతే నమ్మకం లేదు. ఇక డజను కర్పూరం బిళ్ళలు. గాలి తగిలితే హరించుకుపోతాయి గనుక మూత బిగుతుగా ఉండాలి. తిండి సామాను పక్కన పెట్టవద్దని, గుడారం లోపల వెలిగించవద్దని రెండుసార్లు చెప్పాను. మొత్తం తూస్తే వంద గ్రాములు కూడా లేదు.

ఇదంతా స్టవ్వు కోసమే సుమా, కట్టెలేరి చలిమంట వేయడానికి కాదు. 2018 మార్చిలో మా తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకు ఇరవై మందికి పైగా యాత్రికులు బలైపోయారు. అది తలుచుకుంటే ఎండుగడ్డి దగ్గర పుల్ల గీయబుద్ధి కాదు.

అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ సీసా ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. బరువని అమ్మాయి దాన్ని ఒప్పుకోలేదు. బిళ్ళల్ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, నాలుగు మిరియాలు లెక్కపెట్టి తెచ్చి అందులో వేసి మూత బిగించింది.