మూడు గుంటల కౌలు

నల్లగొండ జిల్లాలో మా నాన్న వదిలివెళ్లిన భూమికి నేను చేయించిన మొదటి బాగు, గట్లు చదును. ఉద్యోగం హైదరాబాదులో, పొలం కౌలుకు. ఎప్పుడో ఒకసారి పోయి చూసినప్పుడు చేను నున్నగా కనబడాలన్నది నాలాంటి వాళ్ల పిచ్చి. పాడుబడ్డ మోటబావి, దాని చుట్టూ ఈతచెట్లు, రేగు, బలుసు పొదలు, తల రాలిపోయిన ఒక తాటిమోడు. అదంతా నాకు వృథా జాగాగా తోచింది. మే నెలలో జేసీబీ మాట్లాడాను.

పక్క చేనులో తాళ్లెక్కే పెద్దాయన ముందే చెప్పాడు. "మోడ్ల పాలపిట్ట పిల్లలున్నయ్ బిడ్డా. వానలు పడేదాంక ఆగరాదు?" జేసీబీకి గంటల లెక్కన కిరాయి. నేను ఆగలేదు.

పాలపిట్ట తనకు తానుగా తొర్ర తొలుచుకోలేదు. వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రో, పుచ్చిపోయిన తాటిమోడు నెత్తిన పడ్డ గుంతో దానికి కావాలి. అక్కడే ఎండాకాలంలో పిల్లల్ని చేస్తుంది. దసరానాడు దాన్ని చూడటానికి పనిగట్టుకుని ఊరి బయటికి పోతాం, మా రాష్ట్ర పక్షి అని పిల్లలకు చెప్పుకుంటాం. ఆ మోడు మాత్రం ఎవరి పొయ్యిలోకి పోయిందో కూడా నేను అడగలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తిరగేసింది ఆ తర్వాతే. వేట అంటే తుపాకీ, ఉచ్చు మాత్రమే కాదట. అడవి పక్షి గుడ్లు పాడుచేసినా, గూడు కదిలించినా వేట కిందికే వస్తుంది. భూమి నాదే అన్న మాట అక్కడ చెల్లదు. అయితే పిల్లలు ఎగిరిపోయాక ఆ మోడును కూల్చి ఉంటే ఆ నిబంధన నా జోలికి వచ్చేది కాదు. మరుసటి ఏడు పిట్టకు చోటు లేకపోవడం మాత్రం అంతే నిజం. పట్టా భూమిలో పిట్టకు చట్టం అండ ఉంది. పిట్ట ఉండే పొదకు, మోడుకు చాలావరకు యజమాని బుద్ధే దిక్కు.

2002 సవరణతో ప్రైవేటు భూమిని కూడా కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించే వీలు వచ్చింది, యజమానులు ముందుకొస్తే. నా బావిగట్టుకు అంత తతంగం ఎందుకు? ఆంధ్రప్రదేశ్‌లోని చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. వాటిని తరిమేయకుండా ఉండటానికి అక్కడివాళ్లు ఏ చట్టమూ చదివి ఉండరు.

బావి పూడ్చాక గిజిగాళ్లూ పోయాయి. నీళ్ల మీదికి వంగిన ఈతకొమ్మలకు గూళ్లు వేలాడదీస్తే పాములకు అందవు. మగపిట్ట ఆకును సన్నగా చీల్చి సగం గూడు అల్లి, ఆడపిట్టకు నచ్చితేనే మిగతాది పూర్తిచేస్తుంది. నేను నీళ్లూ తీసేశాను, కొమ్మా తీసేశాను. ఆపైన పచ్చదనం పేరుతో కంచె పొడవునా కోనోకార్పస్ నాటాను! ఏపుగా పెరిగింది. ఒక్క పిట్టా అందులో గూడు పెట్టలేదు. హరితహారం మొక్కల పథకంలో ఆ మొక్కను ప్రభుత్వమే వద్దనుకున్నాక నేనూ పీకించాను.

ఇప్పుడు బావి ఉన్నచోట మూడు గుంటలు వదిలేశాను. కలుపుమందు కొట్టొద్దన్నాను, నిప్పు పెట్టొద్దన్నాను. రేగు దానంతటదే లేచింది. తాటిగింజలు పాతించాను గానీ, మోడు ఏ నర్సరీలోనూ దొరకదు. అవి చెట్లయి, ముసలివై, తల రాలి, పుచ్చేసరికి నేనుండను.

ఇందులో కష్టమంతా నాది కాదని కౌలుదారు గుర్తుచేశాడు. "సారూ, ఆ మూడు గుంటలకు కౌలు నేనెందుకు కట్టాలె? పొదలు పెరిగితే అడవిపందులు ఆడనే పంటయ్, నా మక్కచేన్ల పడ్తయ్." మొదటిది న్యాయం, ఆ కౌలు తీసేశాను. పందుల మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ ఏడు మక్క మానేసి పత్తి పెడతానంటున్నాడు. పెట్టుబడిలో కొంత నన్ను పెట్టుకోమన్నాడు, ఒప్పుకున్నాను.