మా ట్రంకుపెట్టెలో చందమామలు

పాత చందమామలు పోగుచేస్తున్నామంటే నవ్వేవాళ్లున్నారు. "ఉద్యోగాలొచ్చాయి, పిల్లల తండ్రులయ్యారు, ఇంకా ఈ మాంత్రికుల కథలేమిట్రా?" అంటారు. ఈ హాస్టల్లో చదువుకుని వెళ్లిన మేము ఐదుగురం వాళ్లకు జవాబుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మా ఇళ్లల్లో పాఠ్యపుస్తకం తప్ప వేరే పుస్తకం ఉండేది కాదు. అమ్మానాన్నలు కూలికి పోతేనే పూట గడిచేది. పరీక్ష కోసం కాకుండా సంతోషం కోసం కూడా చదవొచ్చని మాకు తెలిసింది ఇక్కడే, చేతులు మారి మారి అట్ట ఊడిన చందమామ వల్లే. ఒకడు పైకి చదువుతుంటే పదిమందిమి చుట్టూ కూర్చునేవాళ్లం. తప్పు చదివితే పక్కవాడు దిద్దేవాడు. మాలో కొందరికి తడబడకుండా చదవడం అలాగే వచ్చింది.

ఈ పత్రికను నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో మద్రాసు నుంచి మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి, 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దారు. 1954లో వచ్చిన తోకచుక్క మొదలు ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ, పాతాళదుర్గం, భల్లూక మాంత్రికుడు వంటి ధారావాహికలు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. మాకూ పెద్దయ్యాకే తెలిసింది. 2010లో ఆయన పోయారు. పేరు లేకుండా పనిచేసేవాళ్ల సంగతి మాకు ఒకరు చెప్పాలా? మా నాన్నలు రాళ్లు మోసిన భవనాల మీద వాళ్ల పేర్లు ఎక్కడున్నాయి?

2007లో పత్రిక చేతులు మారింది. కొన్నేళ్లకు ఆగిపోయింది. ఒకప్పుడు తూకానికి దొరికిన సంచికలకు ఇప్పుడు వందల్లో ధర చెబుతున్నారు. హైదరాబాదులో ఉన్నవాళ్లం ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుకుతాం. ఊళ్లలో ఉన్నవాళ్లం పాత పేపర్ల కొట్లు తిరుగుతాం. అట్ట చూసి మోసపోకూడదు. లోపల ధారావాహిక పేజీలున్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి. బొమ్మల కోసం పిల్లలు కత్తిరించుకున్నవే ఎక్కువ. తుప్పు పట్టిన పిన్నులు తీసేసి దారంతో కుడతాం. చిరిగినచోట సెల్లోటేపు అంటించం, కొన్నేళ్లకు అది కాగితాన్ని పసుపు చేస్తుంది. హాస్టల్ రోజుల నాటి రేకు ట్రంకుపెట్టెలో వేపాకు వేసి దాస్తాం.

దాచడమా, చదివించడమా అని మాలో మాకే పెద్ద వాదన జరిగింది. కాగితం ముట్టుకుంటే పెళుసుగా విరిగే స్థితిలో ఉంది. చివరికి జెరాక్సులు తీయించి, బైండు చేయించి హాస్టల్‌కిచ్చాం. సెల్‌ఫోన్‌లో పాత సంచికలు దొరుకుతాయి గదా అన్నారొకరు. దొరుకుతాయి. కానీ ఫోన్‌లో ఎవడికి వాడే చదువుకుంటాడు. పదిమంది చుట్టూ కూర్చోరు.

పాతాళదుర్గంలో ఒక నెల భాగం మాకు దొరకలేదు. "ఇంకా ఉంది" అని ఆగిన చోట నుంచి కథ ఒక్కసారిగా ఎక్కడికో దూకుతుంది. అది చూసి ఏడో తరగతి తమ్ముడొకడు ఊరుకోలేదు. మధ్యలో ఏం జరిగిందో తనే ఊహించి, నోటుబుక్కులో ఆరు పేజీలు రాశాడు. అక్షరదోషాలు బోలెడు, కానీ కథ ఆగలేదు. ఆ పేజీలను కూడా బైండులో కుట్టించాం. అసలు భాగం రేపు దొరికినా వీటిని తీసెయ్యం. కింద వాడి పేరు కూడా రాయించాం.

మిత్రులారా, ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు అటక మీద వెతకండి. అట్ట లేకపోయినా పర్వాలేదు, సగం చిరిగినా పర్వాలేదు. పాత పేపర్లవాడికి వేసేముందు మాకొక్క మాట చెప్పండి.