మూసారాముడెవరు?

ఎల్.బి.నగరమునుండి మెట్రో రైలులో వచ్చునప్పుడు దిల్‌సుఖ్‌నగరము దాటగానే మూసారాంబాగను స్టేషను వచ్చును. మొన్న నా కుమార్తె, "అమ్మా, ఈ మూసారాముడెవరు? భారతములో నున్నాడా?" అని యడిగినది. నవ్వు వచ్చినది గాని, వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఇల్లు చేరి మావారి పుస్తకములు తిరుగవేసితిని.

సోదరీమణులారా, ఆతడు రాముడు కాడు. ఫ్రాన్సు దేశీయుడగు రేమండు. 1755లో జనించి, రెండవ ఆసఫ్‌జా కొలువున సేనానియై, ఫిరంగులు పోయించి, 1798లో మరణించెను. ఆ పేరు జనులకు నోరు తిరుగలేదు. మహమ్మదీయులు మూసా రహీమనియు, హిందువులు మూసారామనియు పిలిచిరి.

రేమండనునది ఆతనికి ఇంటిపేరే యైనను, మొదట ప్రాచీన జర్మను జాతులవారి పురుషనామము. 'రాగిన్' అనగా ఆలోచన; 'ముండ్' అనగా రక్షణ. ఆలోచనచే కాపాడువాడని భావము. ఉత్తరదేశపు పురాణములలో 'రెగిన్' అనునది లోకముల నేలు దేవతలకే పేరు. వారి ప్రళయమునకు 'రగ్నరోక్' అను పేరును ఆ మాటనుండియే కలిగినది. ఆ కథలలోనే రెగినను కమ్మరి యొకడు కలడు. సిగుర్డను బాలుని పెంచి, విద్యలు నేర్పి, బంగారముపై నాశచే, సర్పరూపమున నిధిని గాచుచున్న తన తోబుట్టువును వానిచేత చంపించెను. తుదకు తానును వానిచేతనే చచ్చెను. ఆలోచన విదురునిదియు కావచ్చును, శకునిదియు కావచ్చును గదా!

ఇది చదువుచుండగా నా కాపురపు తొలిదినములు జ్ఞప్తికి వచ్చినవి. మా అత్తగారి పేరును నా పేరును ఒకటే యగుటచే, గృహప్రవేశమునాడే నాకు వేఱుపేరు పెట్టిరి. ఎవరిని పిలుచుచున్నారో తెలియక పలుకనందుకు పొగరుబోతు ననిపించుకొంటిని. రాత్రులు నా పేరు నేనే మెల్లగా చెప్పుకొని యేడ్చితిని. నిరుడు అత్తగారు జబ్బుపడి, ఆ పెట్టిన పేరుతోనే తెల్లవార్లు నన్ను పిలిచినది. ఆ రాత్రి పలుకుటకు నాకు కష్టము తోచలేదు.

ఆదివారమునాడు గుట్టపైనున్న రేమండు సమాధిని చూడబోతిమి. ఎత్తైన రాతి స్తంభము; దానిపై జె.ఆర్. అను రెండక్షరములు.

"పేరు పూర్తిగా లేదేమమ్మా?"

"రాతిమీద లేకున్న నేమి? ఊరిమీద నున్నది."

"మఱి, పుట్టింటిలో నిన్నేమని పిలిచెడివారు?"

చెప్పితిని. పిల్ల విస్తుపోయి, "అది నాయనమ్మ పేరు గదా!" అన్నది.

"ఔను తల్లీ. నాదియును."