ఒకటిన్నర డాలర్ ప్రాటా

సింగపూర్ వచ్చిన కొత్తలో నా బుర్రలో ఒక కాలిక్యులేటర్ ఆగకుండా నడిచేది. ఏది చూసినా ఇంటూ 62. ఆఫీస్ కింద కేఫ్‌లో కాఫీ 6 డాలర్లు, అంటే 372 రూపాయలు. ఆ డబ్బుకి మా నాన్న బండి దగ్గర పది ప్లేట్ల ఇడ్లీ వస్తుంది. మా నాన్నది టిఫిన్ బండి. ఈ మాట ఇంత తేలిగ్గా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, ఆ సంగతి తర్వాత.

నెల తిరక్కుండానే ఒకటి అర్థమైంది. ఇక్కడ అద్దె ఖరీదు, కారు ఖరీదు, మందు ఖరీదు. తిండి మాత్రం ఎక్కడ తినాలో తెలిస్తే చవకే. ఆ ‘ఎక్కడ’ పేరు హాకర్ సెంటర్. పెద్ద షెడ్డు, పైన ఫ్యాన్లు, మధ్యలో కదలని బల్లలు, చుట్టూ వరసగా చిన్న చిన్న కొట్లు. ఏసీ ఉండదు. సూటు వేసుకున్న మేనేజరూ, సైట్ నుంచి వచ్చిన మేస్త్రీ ఒకే బల్ల మీద చెమటలు కక్కుతూ తింటుంటారు. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే కూర్చోకండి, ఎవరో సీటు ఆపుకున్నట్టు. మన బస్సుల్లో కిటికీలోంచి కర్చీఫ్ వేయడమే ఇది. తిన్నాక ట్రే మనమే తీసుకెళ్లి పెట్టాలి, లేకపోతే ఫైన్ పడొచ్చు.

మన నాలుకకి కావాలంటే లిటిల్ ఇండియాలో టెక్కా సెంటర్ ఉంది. కానీ నా జేబుని కాపాడింది ‘చాయ్ పెంగ్’. అన్నం పెడతారు, గాజు వెనకున్న కూరల్ని వేలితో చూపించాలి. రెండు కూరలు, ఒక చికెన్ కలిపి నాలుగు డాలర్ల చిల్లర. పేర్లు తెలియక్కర్లేదు. ఏది ఏ మాంసమో మాత్రం అడిగి తీసుకోండి, నేను ఒకసారి అడగలేదు.

కాఫీ ఆర్డర్ నేర్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఊరికే ‘కోపీ’ అంటే కండెన్స్‌డ్ మిల్క్ పోసి తియ్యగా ఇస్తారు. ‘కోపీ ఓ’ అంటే పాలు లేకుండా, ‘కోపీ సీ’ అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలతో. చివర్లో ‘కొసాంగ్’ అంటే చక్కెర వద్దని, ‘పెంగ్’ అంటే ఐస్ వేయమని. ‘కోపీ సీ కొసాంగ్ పెంగ్’ అని మొదటిసారి ఆగకుండా చెప్పినప్పుడు కౌంటర్ ఆంటీ తల కూడా ఎత్తలేదు. నాకదే సర్టిఫికెట్. నేను రాసిన ఏ ఏపీఐకీ పారామీటర్లు ఇంత నీట్‌గా లేవు.

మందు సంగతికొస్తే (ఈ పేరా అమ్మ చదవదులే), పబ్బులో గ్లాసు బీరు 15 డాలర్లు దాటేస్తుంది. అదే హాకర్ సెంటర్లో పెద్ద టైగర్ బాటిల్ ఏడెనిమిది డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది. గ్లాసులో ఐస్ వేసి మరీ ఇస్తారు. నవ్వొచ్చేది గానీ, ఆ ఉక్కలో రెండో రోజుకే నేనూ అడిగి వేయించుకున్నా. షాపుల్లో అయితే రాత్రి 10.30 దాటితే అమ్మరు, ఆ తర్వాత రోడ్డు మీద, పార్కులో తాగడం నేరం. 2015 నుంచి ఉన్న చట్టం.

పోయిన ఏడాది నాన్న వచ్చాడు. మెరీనా బే చూపించా, ‘బాగుంది’ అన్నాడు. పది నిమిషాల్లో చూడ్డం అయిపోయింది. మర్నాడు పొద్దున మా బ్లాక్ పక్క హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లా, నేను రోజూ తినే ప్రాటా కొట్టుకి. ప్రాటా అంటే మన పరోటానే. ప్లెయిన్ ఒకటి ఒకటిన్నర డాలర్, పక్కన గ్రేవీ. నాన్న తినకుండా కొట్టు లోపలికే చూస్తున్నాడు.

“నీళ్ల కనెక్షన్ లోపలే ఇచ్చారే. డ్రైనేజీ కూడా.”

చెప్పా, వీళ్లూ ఒకప్పుడు రోడ్డు మీద అమ్ముకున్నవాళ్లే అని. 1970లు, 80ల్లో గవర్నమెంట్ ఈ సెంటర్లు కట్టి లైసెన్సులున్న వాళ్లని లోపలికి మార్చిందని. నాన్న మాట్లాడలేదు. రోడ్డు వెడల్పు అన్న పేరుతో మా బండిని ఇరవై ఏళ్లలో మూడుసార్లు తీయించారు. ప్రతిసారీ కొత్త చోటు ఆయనే వెతుక్కున్నాడు.

2016లో ఇక్కడ రెండు హాకర్ కొట్లకి మిషెలిన్ స్టార్ వచ్చిందని గొప్పగా చెప్పబోయా.

“స్టార్ వచ్చాక రేటు పెంచారా?” అదీ ఆయన ప్రశ్న.

ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు మా నాన్నది ‘హోటల్ బిజినెస్’ అని చెప్పేవాణ్ని. ఒకసారి నలుగురు ఫ్రెండ్స్ మా ఊరొచ్చి, సరిగ్గా ఆ బండి దగ్గరే ఆగారు. నాన్న నా మొహం చూశాడు. ఎవరో కస్టమర్‌కి ఇచ్చినట్టు ప్లేటిచ్చి, డబ్బులు తీసుకుని, చిల్లర తిరిగిచ్చాడు. దాని గురించి మేం ఇప్పటికీ మాట్లాడుకోలేదు.

ప్రాటా అంకుల్‌ది తమిళ కుటుంబం, అరవై దాటి ఉంటాయి. నాన్న చిన్నప్పుడు చెన్నైలో మెస్సులో పనిచేశాడు కాబట్టి తమిళం వచ్చు. గిరాకీ తగ్గాక ఇద్దరూ మొదలుపెట్టారు. పొద్దున ఎన్నింటికొస్తావు? నాలుగుకి. నేనూ అంతే. మైదా ఎంత, నూనె ఎంత, అద్దె ఎంత. పిల్లలు? ఒకడు బ్యాంకు, ఇంకొకడు కంప్యూటర్. నాన్న నావైపు చెయ్యి చూపించి ‘ఇదుగో, నాదీ కంప్యూటరే’ అన్నాడు. ఇద్దరూ నవ్వారు. తర్వాత ఈ కొట్టెవరు చూస్తారని మాత్రం ఇద్దర్లో ఎవరూ అడగలేదు.

నాన్న వెళ్లిన మూడు నెలలకి ఆ కొట్టు బోర్డు మీద తెల్ల స్టిక్కర్ పడింది. ప్లెయిన్ 1.70. ‘అబ్బా, ఇక్కడా పెంచేశారా’ అని గొణుక్కుంటూనే తిన్నా. రాత్రి ఫోన్లో ఆ మాటే నాన్నతో అన్నా.

ఆయన ఏడాదిగా ప్లేటు 35 నుంచి 40 చేద్దామనుకుంటున్నాడు, చేయట్లేదు. పక్క బండివాడు 35కే ఇస్తుంటే మనం పెంచితే ఎవరొస్తారని భయం. మానేయమని నేను, మానేసి ఏం చేయాలని ఆయన, ప్రతి ఆదివారం ఇదే గొడవ. ఆ రోజు గొడవ పడలేదు.

“ఇరవై సెంట్లంటే మన లెక్కలో ఎంత?”

“పన్నెండు రూపాయలు నాన్నా.”

“జనం తగ్గారా?”

“లేదు. క్యూ అలానే ఉంది.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, “రేపు వెళ్లినప్పుడు అడుగు. ముందే బోర్డు పెట్టి చెప్పాడా, ఒకేసారి పొద్దున్నే మార్చేశాడా?”